కథ వినని గుడికి బిడ్డలు పోరు

గత మాసమున మన సంఘపు కార్యవర్గ సమావేశము ముగిసి, సభ్యులు కాఫీ త్రాగుచుండగా, ఎజెండాలో లేని విషయమొకటి చర్చకు వచ్చినది. మా అక్క కుమారుడు బెంగుళూరిలో ఉద్యోగమునకు చేరి రెండేండ్లయినది. వాడు జపాను దేశమునకు పోవలెనని జీతములో నెలనెలా కొంత కూడబెట్టుచున్నాడని ఒకరు ప్రస్తావించిరి. వ్యాపారమునకా, పైచదువునకా అని పెద్దలు అడిగిరి. రెంటికిని కాదు, అచ్చటి కొన్ని గుడులను చూచుటకు. ఆ గుడుల మహిమ యేమని మరల అడిగిరి. అవి బొమ్మల చలనచిత్రములలో కనిపించిన గుడులని మేము చెప్పవలసి వచ్చినది. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. తిరుమల మెట్లెక్కుటకు ఓపిక లేనివారికి జపాను మెట్లెక్కుటకు ఓపిక యెక్కడిదని ఒకరు అనగా నవ్వు మరింత పెద్దదైనది.

ఇంటికి వచ్చిన తరువాత ఆ నవ్వు మాకు రుచించలేదు. ఎందుచేత రుచించలేదో సభ్యులకు విన్నవించుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి.తో చదువు చాలించి ధాన్యపు అంగడిలో కూర్చొన్నవారము. పండితులము కాము. తప్పులున్న పెద్దలు దిద్దుదురు గాక.

ఆ మరుసటి ఆదివారము మేనల్లుడు మండికల్‌కు వచ్చినప్పుడు, పిలిచి మందలించితిమి. “ఏమప్పా, మన దేశంలో గుడులు లేవా? బొమ్మల్లో చూసిన గుడికి అంత దుడ్డు పోసి పోవాల్నా?” అంటిమి. వాడు కోపగించుకొనలేదు. “మామా, నువ్వు కైవారానికి ఎన్నిసార్లు పోయింటావు?” అని మమ్ములనే అడిగెను. ఏటేటా పోవుచున్నామని చెప్పితిమి. “అట్లయితే తాతయ్య పదం ఒకటి చెప్పు మామా, వింటాను” అనెను. ఒక పల్లవిలో సగము మాకు నోటికి వచ్చినది. తక్కిన సగము రాలేదు. వాడు నవ్వలేదు. “నేను పోవాలనుకుండే గుడి కథ మొదటి నుంచి కడ దాకా చెప్తాను, వింటావా?” అని చెప్పనారంభించెను. అంగడి మూయు వేళ దాటినను మేము లేవలేదు.

ఆ కథ మాకు పూర్తిగా అర్థమైనదని చెప్పజాలము. రాక్షసుల చేత కుటుంబమును పోగొట్టుకొన్న ఒక బొగ్గులమ్మెడి బాలుడు, రాక్షసిగా మారిన చెల్లెలిని మరల మనిషిని చేయుటకై పడిన పాటు అది. “డెమన్ స్లేయర్” అని దాని పేరు. ఆ కథలోని “ఇన్ఫినిటీ కాజిల్” అను చిత్రము 2025 సెప్టెంబరు 12వ తేదీన మన దేశమున తెలుగు మాటలతో కూడ విడుదలయినది. వాడు దానిని తెలుగులోనే చూచెను. చూచి మాతో అన్న మాట ఇది: “మామా, తెలుగులో నేను కూర్చొని విన్న పెద్ద కథ ఇదొక్కటే.”

పాఠక మహాశయులు ఈ వాక్యమును మరల ఒకసారి చదువవలెనని కోరుచున్నాము. వాడు మన యింటి బిడ్డ. అవ్వతో, అమ్మతో మాటలాడునది తెలుగు. బడిలో చదివినది కన్నడము. ఉద్యోగము చేయునది ఇంగ్లీషులో. తెలుగు అక్షరములను కూడబలుకుకొని గాని చదువలేడు. మూడు తలముల వెనుక ఆంధ్రదేశమునుండి వచ్చి యీ సీమలో స్థిరపడిన కుటుంబమున పుట్టి, ఇరువది మూడేండ్లు పెరిగి, వాడు తెలుగులో విన్న పెద్ద కథ జపాను కథ. ఇందులో జపాను వారి తప్పేమియు లేదు. వారు తమ కథను మన భాషలో మన బిడ్డకు చెప్పిరి. మనము మన కథను మన భాషలో వానికి చెప్పలేదు.

ఇక ఆ గుడుల సంగతి. ఈ బొమ్మల చిత్రములను పిల్లలు “అనిమే” అందురు. వీనిని గీయువారిలో పలువురు ఊహలోని ఊరును కాక నిజముగా నున్న వీధిని, మెట్లను, వంతెనను, గుడిని చూచి, ఉన్నది ఉన్నట్లు గీయుదురు. చిత్రము చూచినవారు ఆ చోటును వెదకికొని పోయి, చిత్రములోని పాత్ర నిలిచిన తావుననే నిలిచి చూచుదురు. దీనికి జపాను భాషలో పుణ్యక్షేత్రయాత్ర అను అర్థము గల పాత మాటనే వాడుచున్నారు. 2016 లో వచ్చిన “యువర్ నేమ్” అను చిత్రపు చివర నాయికానాయకులు కలిసికొను మెట్లు టోక్యోలోని సుగా మందిరపు మెట్లు. 2011 లో వచ్చిన వేరొక కథలోని పిల్లలు కలిసికొను తావు చిచిబు ప్రాంతపు బౌద్ధాలయము. అది ఆ ప్రాంతమున క్రమముగా దర్శించు ముప్పదినాలుగు ఆలయములలో పదునేడవది. పూర్వము అచ్చటికి జపమాల పట్టిన వృద్ధులు పోవుచుండిరి. ఇప్పుడు వారి ప్రక్కన పడుచువారును పోవుచున్నారు.

మా మేనల్లుడు కోరిన గుడి దజాయిఫు పట్టణము దాపున కొండ దిగువనున్న కమాదో మందిరము. చిత్రమున ఆ గుడి కనిపింపనైన కనిపింపదు. కథానాయకుని ఇంటిపేరు కమాదో, గుడి పేరును కమాదో, అంతియే సంబంధము. “ఇంటిపేరు కలిసిందని అంత దూరం పోతావా?” అని మేము అడుగగా వాడు, “మన ఇంటిపేరు ఊరు ఎక్కడుందో చూద్దామని నువ్వు కారు కట్టించుకొని పోలేదా మామా?” అనెను. నిజమే. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరిలో మాకు సెంటు భూమి లేదు, ఎరిగినవారు లేరు. అయినను ఎనిమిదేండ్ల క్రిందట పోయి, ఆ ఊరి రావిచెట్టు క్రింద గంటసేపు కూర్చొని వచ్చితిమి. మనవారిలో ఇట్లు పోయివచ్చినవారు మేమొక్కరమే కాదని ఎరుగుదుము.

వర్తకులము కావున ఇంకొక గుడి వృత్తాంతము మా మనస్సును ఎక్కువగా పట్టినది. టోక్యోకు ఉత్తరమున సాయితామ అను జిల్లాలో వాషినోమియా యను ప్రాచీన షింటో మందిరము కలదు. 2007 లో “లక్కీ స్టార్” అను హాస్యకథ బొమ్మల చిత్రముగా వచ్చినది. అందులో ఇద్దరు కవల అక్కచెల్లెండ్రు ఒక గుడి అర్చకుని బిడ్డలు. ఆ గుడికి నమూనా వాషినోమియా. జపానువారు నూతన సంవత్సరపు తొలి దినములలో గుడికి పోవుట ఆచారము. 2007 నూతన సంవత్సరమున ఆ గుడికి వచ్చినవారు సుమారు 1,30,000 మంది. చిత్రము వచ్చిన పిమ్మట 2008 లో వచ్చినవారు సుమారు 3,00,000. 2009 లో 4,20,000, 2010 లో 4,50,000. దేవుడు మారలేదు, గుడి మారలేదు, రైలుమార్గము మారలేదు. కథ యొక్కటే క్రొత్తగా వచ్చి చేరినది.

మొదట వచ్చిన పడుచువారిని చూచి ఊరివారు ఏమనుకొనవలెనో తోచక యుండవచ్చును. ఆ గుడులలో చిన్న కొయ్యపలకలపై తమ కోరికను వ్రాసి వ్రేలాడదీయుట ఆచారము. మనవారు ముడుపు కట్టునట్లు అని తలంపవచ్చును. ఈ వచ్చినవారు ఆ పలకలపై తమ కోరికతోబాటు చిత్రములోని పిల్లల బొమ్మలను గూడ గీసి వ్రేలాడదీసిరి. గుడివారు వానిని తీసివేయలేదు. ఊరి వర్తకసంఘమువారు మరియొక అడుగు ముందుకు వేసిరి. చిత్రహక్కుదారులతో మాటలాడి, ఆ ముడుపుపలక ఆకారముననే చిన్న కొయ్యబిళ్లలు చేయించి, ఊరిలోని చిల్లర అంగళ్లలో అమ్మకమునకు పెట్టిరి. గుడికి వచ్చినవారు వానికొరకు అంగడినుండి అంగడికి నడచిరి. నడచునప్పుడు టీ త్రాగిరి, భోజనము చేసిరి, అంగడివారితో మాటలాడిరి. 2008 సెప్టెంబరులో జరిగిన ఊరి ఉత్సవమున ఆ పడుచువారే భుజము పట్టి, చిత్రములోని బొమ్మలతో అలంకరించిన పల్లకిని మోసిరి.

పిల్లల ఆట నాలుగు దినములే గదా అని సందేహించువారికి మరియొక విషయము. 2018 ఆగస్టులో ఆ గుడి ముంగిటి కొయ్య తోరణద్వారము కాలముచే శిథిలమై కూలిపోయినది. చిత్రపు ఆరంభమున కనిపించు ద్వారము అదియే. అప్పటికి చిత్రము వచ్చి పదునొకండు సంవత్సరములు గడచినవి. విరాళములు సేకరించి 2021 డిసెంబరున క్రొత్త ద్వారమును నిలిపిరి. ఇచ్చినవారిలో ఆ ఊరివారును గలరు, బొమ్మలు చూచి వచ్చినవారును గలరు. బొమ్మను చూచుటకు వచ్చినవారు గుడిని నిలుపుటకు చేయి కలిపిరి. మన ప్రాంతమున గోపురము బీటలు వారినప్పుడు చందా పుస్తకము పట్టుకొని తిరిగిన అనుభవము మాకు కలదు. పదునొకండేండ్ల పిమ్మటను జేబులో చేయిపెట్టు యాత్రికుని మేము తక్కువగా చూడజాలము.

ఇది జపాను వింత మాత్రమే కాదు. 1963 లో “లవకుశ” విడుదలయినది. పూర్తిగా రంగులలో తీసిన తొలి తెలుగు చిత్రము అదియే. మా అవ్వ చెప్పగా వినియున్నాము. ఈ ప్రాంతమున డేరా సినిమాలో శ్రీరాముడు తెరపై కనిపింపగనే ముందు వరుసలోని ఆడవారు లేచి కర్పూరము వెలిగించెడివారట. ఆ రోజులలో తిరుపతి యాత్రకు పోయినవారు అటునుండి అటే మదరాసు చేరి, ఎన్‌.టి. రామారావుగారి ఇంటి ముందు నిలిచి, వారిని చూచి నమస్కరించి గాని ఇల్లు చేరలేదన్నది తెలుగువారందరు ఎరిగిన సంగతి. 1975 లో “జై సంతోషీ మా” అను హిందీ చిత్రము వచ్చిన పిదప ఆ తల్లి శుక్రవారపు వ్రతము దేశమంతట వ్యాపించి, గుడులు వెలసినవి. అదే సంవత్సరమున వచ్చిన “షోలే” చిత్రము తీసిన బండలు మన రామనగరము దాపున రామదేవర బెట్టమునవి. ఆ బండలను చూచుటకు ఎక్కినవారు పైన పట్టాభిరాముని గుడి యున్నదని అచ్చటికి పోయిన తరువాత తెలిసికొని, చెప్పులు విడిచి లోనికి పోవుట మేము కన్నులార చూచినాము. వారు దొంగల నాయకుని కొరకు కొండ ఎక్కి రాముని దర్శించి దిగిరి.

ఇక్కడ ఒక పెద్దమనిషి ఆక్షేపణను మరువరాదు. “ఆ కథలు కల్పనలు. మన పురాణములు కల్పనలా? రెంటిని ఒక తూకమున పెట్టవచ్చునా?” అని వారు సమావేశముననే అడిగిరి. పెట్టరాదని మేమును ఒప్పుకొనుచున్నాము. రాముని యెడల మనకు గల భక్తి వేరు, బొమ్మలోని బాలుని యెడల పిల్లలకు గల ఇష్టము వేరు. కాని గుడికి దారి చూపుటలో కథ చేయు పని రెంటను ఒక్కటియే. చిన్నతనమున మనలను గుడికి నడిపించినది వేదాంతము కాదు, అవ్వ చెప్పిన కథ. జపానునుండి వచ్చిన యూగో సాకో అను చిత్రదర్శకుని సంగతియే చూడుడు. 1983 లో ఆయన డాక్టర్ బి.బి. లాల్ గారు ఉత్తరప్రదేశమున జరిపిన త్రవ్వకములపై డాక్యుమెంటరీ తీయుటకు మన దేశమునకు వచ్చెను. రామాయణ స్థలములలో తిరుగుచు ఆ కథలో పడెను. భారతీయ చిత్రకారుడు రామ్ మోహన్ గారు మొదలగువారితో కలిసి బొమ్మలతో రామాయణ చిత్రము తీసెను. అది 1993 లో వెలువడినది. 2025 జనవరి 24న తెలుగుతో సహా పలు భాషలలో మన దేశపు చిత్రశాలలకు మరల వచ్చినది. మన స్థలమును చూచి మన కథను పట్టుకొన్నవాడు జపానువాడు. వారి కథను చూచి వారి స్థలమునకు పోవుదునన్నవాడు మన బిడ్డ. ఆయనను మెచ్చుకొని వీనిని నవ్వుట న్యాయమా?

ఇప్పుడు మన చుట్టుప్రక్కల చూతము. ఒక పూట ప్రయాణములో మనకు గల గుడులు తక్కువవి కావు.

బాగేపల్లి దాటి, ఆంధ్ర సరిహద్దున ప్రక్క దారి పట్టిన లేపాక్షి వచ్చును. అచ్చుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరన్న సోదరులు కట్టించిన వీరభద్రస్వామి ఆలయమది. రావణునితో పోరాడి రెక్కలు తెగిన జటాయువు పడినచోట శ్రీరాముడు “లే, పక్షీ” అన్నాడని, దానినుండియే ఆ ఊరికి ఆ పేరు వచ్చినదని స్థల ఐతిహ్యము. ఆ ఊరి పేరే ఒక తెలుగు వాక్యము! తెలుగు తెలిసిన బిడ్డకు ఆ పేరు పలుకగనే కథ వినిపించును. తెలియని బిడ్డకు అది దారిలోని ఒక పలక. మన పిల్లలు అచ్చటికి పోవుచున్నారు, పోవుట లేదని అనము. వ్రేలాడు స్తంభము క్రింద బట్ట దూర్చి, ఫోటో తీసికొని, గంటలో తిరిగి వచ్చుచున్నారు. కోశధనమును గుడికి వ్యయించినాడన్న నింద పడిన విరూపణ్ణ తన కన్నులను తానే పీకి గోడకు కొట్టినాడని చెప్పు ఎఱ్ఱని గుర్తుల ముందు నిలిచి, ఆ కథను వానికి చెప్పినవారెవరు? లెక్కలు చూచువాడు, నమ్మకము పోగొట్టుకొన్నవాడు పడు వేదన ఏమిటో వర్తకుల బిడ్డలకు ఇంతకంటె బాగుగా ఏ కథ చెప్పగలదు?

చింతామణి తాలూకాలో కైవారము కలదు. భారతములోని ఏకచక్రపురము అదియేనని, భీముడు బకాసురుని చంపినది అచ్చటనేనని ఈ ప్రాంతమువారి నమ్మకము. బండెడు అన్నమును దారిలోనే తినివేసి రాక్షసుని ఎదుట నిలిచిన భీముని కథకు నవ్వని బిడ్డను మేము చూడలేదు. అదే ఊరివారు కైవార తాతయ్య, నారేయణ యతీంద్రులు. వారి వృత్తి గాజుల వ్యాపారము. మనవలె మూట మోసి, ఊరూర తిరిగి, బేరమాడినవారు. అచ్చులో నున్న వారి పదములలో తెలుగువి, కన్నడమువి రెండును కలవు. “అమర నారేయణ శతకము” తెలుగు. గురువు వారి నోటిలో గులకరాయి నుంచి, అది కలకండ యగువరకు తపస్సు చేయుమనెనని కథ. కర్ణాటకమున పుట్టి, కన్నడిగులు తమవాడని, తెలుగువారు తమవాడని సమానముగా పూజించు తెలుగుకవి మన గడప ప్రక్కనే యున్నాడు. మన బిడ్డ అడిగిన దినమున ఆ కవి పదములో సగమే మాకు వచ్చినది. సభ్యులలో పూర్తిగా వచ్చినవారెందరో తమలో తాము లెక్క చూచుకొనెదరు గాక.

ముళబాగిలు తాలూకాలోని ఆవని, సీతమ్మ లవకుశులను కన్న చోటని ఐతిహ్యము గల కొండ. అచ్చటి రామలింగేశ్వరాలయములు నొలంబరాజుల కాలపువి. అవ్వలు కర్పూరము వెలిగించిన ఆ చిత్రమునకు నిజమైన “చోటు” చూడవలెనన్న, అది మనకు ఇంత దగ్గర. ఇక నంది గ్రామము. కొండపై యోగనందీశ్వరుడు, క్రింద అరుణాచలేశ్వరుడు, భోగనందీశ్వరుడు. శివుని బాల్యము, యౌవనము, వైరాగ్యము మూడును ఒక్క కొండ నీడలో నున్నవని పెద్దలు చెప్పుదురు. ఆ భోగనందీశ్వరాలయపు కోనేటి మెట్లపై ఇప్పుడు ఎక్కువగా కనిపించునది పెండ్లికి ముందు దంపతులు తీయించుకొను ఫోటోలు. వారిని దూషింపబోము. అందమైన చోటు అందమైనవారిని పిలుచును. కాని ఆ మూడు మూర్తుల కథ తెలిసినచో, ఆ దంపతులు ఫోటో తీసికొని ఒక్క క్షణమైనను లోనికి తొంగి చూతురని మా నమ్మకము.

ఇవన్నియు మనకు కలవు. లేనిది చెప్పువారు. పండుగనాడు బిడ్డను గుడికి తీసికొనిపోయి, “మొక్కుకో, కళ్లకద్దుకో, నడువు” అనుచున్నాము. క్యూలో నిలిచిన రెండు గంటలలో కథ చెప్పవచ్చును. మనము ఫోను చూచుచున్నాము. బిడ్డయు తన ఫోను చూచుకొనుచున్నాడు. వాని ఫోనులో కథ యున్నది, మన ఫోనులో ధరవరలున్నవి. కథ యున్నవైపు బిడ్డ పోవుట సహజము.

ఒక జాగ్రత్తను గూడ చెప్పవలెను. కథను చూచి వచ్చు జనమంతయు మేలే చేయునని మేము అనుట లేదు. జపానులోనే కామకురా వద్ద ఒక బాస్కెట్‌బాల్ కథలో కనిపించిన రైలుదారి కూడలి యొద్ద ఫోటోల కొరకు జనము దారికి అడ్డము నిలుచుట వలన ఊరివారు ఇబ్బంది పడుచున్నారు. మన ప్రాంతపు గుడి స్తంభములపై పేర్లు చెక్కినవారు, కోనేటిలో సీసాలు విసిరినవారు మన కళ్లెదుటనే గలరు. కథ తెలిసినవాడు చెక్కడని మేము హామీ ఇవ్వలేము. కాని ఆ స్తంభము ఎవరిదో తెలిసినవాని చేయి కొంత వణకును.

కావున సభ్యుల ముందు మేము నాలుగు ప్రతిపాదనలు ఉంచుచున్నాము.

మొదటిది. రెండు నెలలకు ఒకసారి ఒక ఆదివారము, సంఘపు కుటుంబములలోని పదేండ్లకు పైబడిన పిల్లలను, పడుచువారిని ఒక గుడికి తీసికొనిపోవుట. మొదటిది కైవారము. తరువాత ఆవని, లేపాక్షి, నంది. మొదటి యాత్రకు బండి బాడుగ మేము భరించుదుము. తక్కినవానికి ఒక్కొక్క కుటుంబము ముందుకు రావలెను.

రెండవది. యాత్రకు ముందు ఆదివారము సంఘపు గదిలో ఆ గుడి కథను ఒక పెద్ద తెలుగులో చెప్పవలెను. అరగంట చాలును. ఉపన్యాసము వలదు, నీతి వలదు, కథ చెప్పవలెను. కథ చెప్పువారు మగవారే కానక్కరలేదు. మన అవ్వలకు తెలిసినది మనకు తెలియదు. వారిలో పలువురు ఎనుబది దాటినవారు. ఆలస్యము చేసిన, అడుగుటకు వారుండరు. ఇందులో మేము ముందుగా తప్పు చేసినవారము. మా అవ్వకు తాతయ్య పదములు ఎన్నియో వచ్చును. ఆమె యున్నప్పుడు మేము ఒక్కటియైన వ్రాసికొనలేదు.

మూడవది. యాత్ర ముగిసిన పిదప పిల్లలు ఆ కథను తమ చేతితో తెలుగులో వ్రాయవలెను. ఒత్తులు తప్పినను, దీర్ఘములు తప్పినను అచ్చు వేయుదము. అందుకు ఈ పత్రికలో ఒక కాలము విడిచిపెట్టవలెనని సంపాదకులను కోరుచున్నాము. సంత చిట్టాల ప్రకటనలు ఒక వారము తగ్గినను నష్టము లేదు. మా అంగడి ప్రకటననే ముందుగా తీసివేయవచ్చును. తెలుగు అక్షరము నేర్చుకొనుమని పిల్లలకు ఊరక చెప్పిన వినరు. తమ పేరు అచ్చులో చూచుకొనుటకు నేర్చుకొందురు.

నాలుగవది. ఆ కథను తెలుగు, కన్నడములు రెంటను చిన్న కరపత్రముగా వేసి, గుడివారి అనుమతితో అచ్చట ఉంచుట. మనము ఈ నేలపై బ్రతుకుచున్నవారము. మన బిడ్డలకు అన్నము పెట్టుచున్నది కన్నడనాడు. కైవార తాతయ్య రెండు భాషలలో పాడినారు. మనము రెండు భాషలలో చెప్పుటకు సంకోచమెందుకు? ప్రక్క ఇంటి కన్నడపు బిడ్డ మన బండిలో వచ్చినను సంతోషమే. మన భాష నిలుచుట మరియొక భాష తగ్గుట వలన కాదు, మన నోటిలో అది ఆడుట వలన.

ఖర్చు సంగతి అడుగువారుందురు. వాషినోమియా వర్తకులు చేసినదే మనమును చేయవచ్చును. గుడికి పోయినప్పుడు ఇంటినుండి మూట కట్టుకొని పోక, ఆ ఊరి అంగడిలో కాఫీ త్రాగి, ఆ ఊరి పూలమ్మి వద్ద పూలు కొనవలెను. యాత్రికుడు వచ్చిన ఊరు వానిని మరల రమ్మనును. ఇది ధర్మమును, వ్యాపారమును రెండును.

ఇక మా మేనల్లుని సంగతి. వాని జపాను యాత్రను మేము ఆపబోము. వాని కష్టార్జితము వాని ఇష్టము. సమావేశమున నవ్వినందుకు వానితో తప్పు ఒప్పుకొంటిమి. ఒక్క షరతు మాత్రము పెట్టితిమి: తిరిగి వచ్చిన పిదప ఆ గుడి కథను సంఘపు సభలో తెలుగులో చెప్పవలెను. వాడు అంగీకరించి, తానొక షరతు పెట్టెను. తాను జపానుకు పోవులోపల మేము తాతయ్య పదము ఒకటి పూర్తిగా నేర్చుకొని, కైవారమున ఆ స్వామి ఎదుట వానికి వినిపించవలెనట.

నిన్న సాయంత్రము అంగడి మూసిన పిదప పుస్తకము తీసి కూర్చొంటిమి. పల్లవి పూర్తిగా వచ్చినది. చరణములు రావలసి యున్నవి.

కైవార యాత్రకు రాదలచిన కుటుంబములవారు పిల్లల పేర్లు, వయస్సులు వ్రాసి వచ్చే ఆదివారములోగా మా అంగడిలోగాని, సంఘపు గదిలోగాని ఇయ్యవలెనని ప్రార్థన. కథ చెప్పగల అవ్వలు ఏ యింట నున్నారో తెలిపినచో, మేమే వచ్చి పిలుచుకొనిపోవుదుము.